కళింగ బండ మీద లేని మాట

చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో ఒక తెలుగు మీడియం బడిలో నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. కళింగ యుద్ధం పాఠం పుస్తకం తెరవకుండానే నోటికొచ్చేస్తుంది. లక్షమంది చనిపోయారు, లక్షన్నర మందిని పట్టి తరలించారు, మౌర్య చక్రవర్తి కుమిలిపోయి బౌద్ధం వైపు మళ్లాడు. అక్కడికి సరిగ్గా గంట కొడతారు.

పోయిన ఏడాది గంట కొట్టేలోపల ఒక అమ్మాయి లేచి నిలబడింది. కాలువ గట్టు ఇళ్ల పిల్ల. వాళ్లమ్మ మార్కెట్‌లో పూలు కట్టి అమ్మేది.

"ఆ లక్షన్నర మందిని ఏడికి తోలుకపోయినారు టీచర్?"

"పాఠంలో లేదమ్మా."

"మళ్లా వచ్చినారా?"

తెలియదన్నాను. ఆ పిల్ల కూర్చుంది. నాకే మనసు నిలవలేదు.

ఆ సాయంత్రం పెరంబూరులో ఇంటికి వెళ్లే లోకల్ రైల్లోనే ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. ఇంట్లో పొయ్యి ముందు నిలబడి కూడా అదే పని. వాళ్లెక్కడికి పోయారో దొరకలేదు. ఇంకొకటి దొరికింది. యుద్ధానికి పశ్చాత్తాపపడుతూ చక్రవర్తి చెక్కించిన శాసనం మన కర్నూలు వైపు బండ మీద ఉంది, ఇంకా చాలాచోట్ల ఉంది. కళింగలో మాత్రం లేదు. అక్కడి బండల మీద దాని బదులు, ప్రజలందరూ నా బిడ్డలే అని అధికారులకు చెప్పిన మాటలున్నాయి. ఎందుకలా అంటే పండితులు తలో మాట చెబుతున్నారు.

మా ఆయనకు చెప్పాను. కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి.

"ఎప్పుడో ఉన్న రాజు ఆడ రాయకుంటే నీకేంది? సాంబారు మాడతా ఉంది చూడు," అన్నారు.

మాడింది. ఇన్నేళ్లుగా ఎంతమంది పిల్లల చేత ఆ పశ్చాత్తాపం వల్లె వేయించానో అని తలుచుకుంటుంటే అన్నం సయించలేదు.

సోమవారం ఆ అమ్మాయికి చెబుదామని తొందరగా వెళ్లాను. బెంచీలో ఆమె లేదు.

"గవర్నమెంటోళ్లు వాళ్ల ఇండ్లు పడగొట్టేసినారు టీచర్," అంది పక్కపిల్ల. "సామాన్లు లారీలో ఏసుకోని సిటీ అవతలకి పోయినారు."

వారమంతా ఆ బెంచీ వైపే చూస్తూ పాఠాలు చెప్పాను. రిజిస్టర్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఆదివారం రెండు బస్సులు మారి వెళ్లాను. అన్నీ ఒకేలా ఉన్న ఎత్తైన బ్లాకులు. వాళ్లమ్మే బస్టాపుకు వచ్చి తీసుకెళ్లింది. మూడో అంతస్తు, ఒకటే గది, ఇంకా విప్పని మూటలు.

"కరెంటు ఉండాది, బాత్రూం ఉండాది," అందామె. "పూలు ఎవురు కొంటారు టీచర్ ఈడ? అందరూ మా మాదిరి వచ్చినోళ్లే."

అమ్మాయిని దగ్గర్లోని తమిళ బడిలో చేర్చబోతున్నారు. తెలుగు బడి ఆ దరిదాపుల్లో లేదు. బండల సంగతి చెప్పాను. ఆ పిల్ల ఒక మూట మీద కూర్చుని అంతా విన్నది.

"దెబ్బ తిన్నోళ్లకి చెప్పకుండా వేరేవాళ్లకి చెప్పినాడా?"

"అట్లాగే ఉంది."

"వాళ్ల మొగం చూసి చెప్పేదానికి సిగ్గయిందేమో," అంది వాళ్లమ్మ, నా చేతికి కాఫీ గ్లాసు ఇస్తూ. తరవాత మెల్లగా అడిగింది. "టీసీ లేకుంటే చేర్చుకోమంటా ఉండారు. రాను పోను ఒక దినం పనంతా పోతుంది టీచర్."

నేను తెప్పిస్తానన్నాను.

మర్నాడే ఆఫీసుగదికి వెళ్లాను. టీసీలో బడి విడుచుటకు కారణం అన్నచోట గుమాస్తా 'తల్లిదండ్రుల కోరిక మేరకు' అని రాశాడు.

"వాళ్లు కోరలేదండీ," అన్నాను.

"అందరికీ ఇట్లే రాస్తాం మేడం."

కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చాను. ఆ చివరిదాకా నడిచాను, వెనక్కి నడిచాను. మళ్లీ లోపలికి వెళ్లి గుమాస్తా ముందు కూర్చున్నాను. విసుక్కుంటూనే ఇంకో ఫారం తీశాడు. 'ఇల్లు తొలగించినందున' అని రాయించి, హెడ్మాస్టర్ సంతకం పెట్టేదాకా అక్కడినుంచి కదల్లేదు.