సబ్బునీళ్లలో పనిచేయని స్పాంజి

నా భార్య గత నెల పోయింది. ఆమె పాఠం చెప్పిన కాలేజీలో సంతాపసభ పెట్టారు. కెమిస్ట్రీ విభాగాధిపతి పావుగంట మాట్లాడాడు. అందులో పది నిమిషాలు ఆమె డబ్బాలో తెచ్చే సర్వపిండి గురించి. ఆమె ల్యాబులో ఏం చేసిందో చెప్పడానికి అతనికి తీరిక దొరకలేదు. అందుకే నేను రాస్తున్నాను.

ఆమె ఒక స్పాంజి చేసింది. పాలిమర్‌తో చేసిన తెల్లటి ముక్క, నిండా కంటికి ఆనని రంధ్రాలు. నీటిని వదిలేసి నూనెను మాత్రమే పీల్చుకుంటుంది. విభాగం పెద్దకు అది గారడీ సామాను. ఏ అతిథి వచ్చినా గ్లాసులో మంచినీళ్లు, పైన ఎర్రరంగు కలిపిన నూనె, స్పాంజి ముంచడం, చప్పట్లు, ఫొటో. ఫొటోలో స్పాంజి అతని చేతిలో ఉండేది. తర్వాత గ్లాసులు ఆమె కడిగేది.

సాయంత్రం అశోక్ నగర్‌లోని మా ఇంటికి నడిచి వస్తూ, చిక్కడపల్లిలో బజ్జీల బండి దగ్గర సీసా చాపేది.

"అందరు బజ్జీలు అడుగుతరు. నువ్వేంది అక్కా, కడాయి కడిగిన నీళ్లు అడుగుతవ్?"

"నీ నూనె సంగతి ఆ నీళ్లే చెప్తయి. ఈ సీసల పొయ్యి."

నాతో అనేది: "మంచినీళ్లను మంచిగ చేసుడు ఏం గొప్ప?"

ఆ కడుగునీళ్లలో స్పాంజి ఓడిపోయింది. సబ్బు కలిస్తే నూనె సన్నటి చుక్కలై నీళ్లన్నీ పాలలా తెల్లబడతాయి. ఆ చుక్కలు దానికి చిక్కలేదు. ఆ సంగతి తన పరిశోధన వ్యాసంలో ఒక్క వాక్యంగా రాసింది. తీసేయమన్నాడు విభాగం పెద్ద. తీయలేదు. వ్యాసం అతని సొరుగులోనే ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఆమె నాకూ అబద్ధం చెప్పలేదు, నా వంట బాగుందని కూడా.

సభ అయిన వారానికి అతను మా ఇంటికి వచ్చాడు.

"సార్, మేడమ్ పేరు ముందు పెట్టి వ్యాసం అచ్చేయిస్తున్నం. నివాళి లెక్క. భర్తగా మీ సంతకం కావాలె."

చదివాను. నేను కామర్స్ చదివినవాణ్ని. ఆ వాక్యం లేదని తెలియడానికి కెమిస్ట్రీ అక్కర్లేదు.

"సబ్బునీళ్ల మాట ఏది?"

"గది చిన్న విషయం సార్. మేడమే జర పట్టుబట్టింది. ఇప్పుడు ఆమె లేదు గదా."

వంటింట్లోకి వెళ్లాను. పొద్దుటి నూనె మూకుడు సబ్బుతో కడిగి, ఆ నీళ్లు గ్లాసులో తెచ్చి అతని ముందు పెట్టాను. ఎవరికైనా చూపించడానికి జేబులో స్పాంజి ముక్క లేకుండా అతను గడప దాటడని నాకు తెలుసు.

"వెయ్యండి. నీళ్లు తేటపడితే సంతకం పెడత."

తీశాడు. వేళ్ల మధ్య కాసేపు తిప్పాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు.

గ్లాసు బల్ల మీదే ఉంచాను. పొద్దు వాలుతున్నా ఆ నీళ్లు తెల్లగానే ఉన్నాయి.