బానెట్ మీద అరచెయ్యి

నల్గొండలో రెండు డోర్ల స్పోర్ట్స్ కారు ఆ రోజుల్లో నాదొక్కటే. దాన్ని ట్యూన్ చేసిన మెకానిక్‌ది ఊరి చివర రేకుల షెడ్డు. ఇంజిన్ స్టార్ట్ చేశాక ఆయన బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. "గిప్పుడు మంచిగ పల్కుతాంది సార్" అనేవాడు.

నిజానికి ఆ కారులో సుఖం లేదు. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ కింద గీసుకునేది, గుంతలో పడితే నడుము పట్టేసేది. కానీ ఆయన చెయ్యి పడ్డాక, యాక్సిలరేటర్ తొక్కితే వీపు సీటుకు అతుక్కునేది.

పని మీద నేను వారం వారం మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల వైపు వెళ్లేవాణ్ని. "గాడ అంత సున్నపు దుమ్ము సార్. ఎయిర్ ఫిల్టర్ మాత్రం తియ్యకుండ్రి" అని ముందే చెప్పాడు. అది లేకపోతే ఇంజిన్ మోత ఇంకా బాగుంటుందని నేనే తీసి డిక్కీలో పడేశాను. కొన్నాళ్లకే ఇంజిన్ పాడైంది. షెడ్డు పక్కన టీకొట్టులో అందరి ముందూ, "ఈయన ట్యూనింగే దీన్ని తిన్నది" అన్నాను.

ఆయన ఇంజిన్ విప్పి, లోపలి తెల్లటి పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. డిక్కీలో ఫిల్టర్ కూడా చూశాడు. ఎవరికీ చెప్పలేదు. ఇంజిన్ బాగుచేసి, ఫిల్టర్ దులిపి బిగించి, "జర గిది ఉండనియ్యిండ్రి సార్" అన్నాడంతే.

నా మాట నమ్మి జనం ఆయన దగ్గరికి పోవడం మానేశారు. ఏడాదిలోపే షెడ్డు ఎత్తేసి ఎటో వెళ్లిపోయాడు.

కారు ఇప్పటికీ నడుస్తోంది. చూడవచ్చిన వాళ్లకు బానెట్ ఎత్తి, ముందుగా ఆ ఫిల్టర్ చూపిస్తాను. దాన్ని తీసింది నేనేనని చెబుతాను.