సగం సినిమా

బస్సుల షెడ్డులో మా ఆయన్ని అందరూ "సగం సినిమా" అని పిలిచేవారు. దూరపు బస్సు నడిపేవాడు. ఆయన నెత్తి మీద, ముందు అద్దానికి కాస్త పైన, పెట్టెలాంటి టీవీ ఒకటి ఉండేది. బస్సు కదలగానే అందులో సినిమా వేసేవారు. జనమంతా తెర చూస్తే, ఆయన రోడ్డు చూస్తూ మాటలు వినేవాడు. అలా ఎన్ని సినిమాలు విన్నాడో లెక్కే లేదు గానీ, ఒక్క నటుడి మొహమూ ఎరగడు. పెళ్ళయిన కొత్తలో నన్ను సినిమా హాలుకి తీసుకెళ్ళి, విలన్ తెర మీదికి రాగానే "ఓరినీ, వీడింత బక్కగా ఉంటాడా! గొంతు విని పహిల్వాను అనుకున్నానే!" అని గట్టిగా అనేశాడు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

ఆయనకి మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు పట్టే అలవాటు. ఇంట్లో ఉన్న రోజు కంచం ముందే కళ్ళు మూతలు పడేవి. ఆయన బండేమో సరిగ్గా ఆ వేళకే మలుపన్నది లేని రోడ్డెక్కేది.

"మరి ఎలా నడుపుతారండీ?" అని అడిగాను ఒకసారి.

"నేనెక్కడ నడుపుతున్నానే? వెనకవాళ్ళు నడిపిస్తున్నారు" అన్నాడు.

నిజమే. హాస్యం వస్తే బస్సంతా ఘొల్లుమనేది. ఏడుపు సీను వస్తే ముక్కులు చీదేవారు. ఆ సందడిలో ఎవరికి నిద్ర పడుతుంది? పైగా టీవీ ఆయన నెత్తి మీదే కాబట్టి, అందరి చూపూ ముందుకే ఉండేది. ఒకసారి బండి కాస్త పక్కకి లాగితే "డ్రైవరూ, ఎటు పోతున్నావయ్యా!" అని బస్సు బస్సంతా అరిచిందట. "చూశావా, నాకెంతమంది కాపలానో!" అని మురిసిపోతూ చెప్పాడు. 

తర్వాత ఆ టీవీ పీకేశారు. సీటు సీటుకీ వెనక పలకంత టాబ్లెట్టు బిగించారు. ఎవరికి నచ్చింది వాళ్ళు చూసుకోవచ్చు. ఒకరు సినిమా, ఒకరు ఆట, ఒకరు ఆఫీసు పని. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఇంట్లో బల్ల నిండా కంప్యూటరు పెట్టుకోనక్కర్లేదు, అన్ని పనులూ ఒళ్ళోనే అయిపోతాయని షెడ్డులో చెప్పుకున్నారు. నేనూ సంబరపడ్డాను, అబద్ధం ఎందుకు?

ఆయన మాత్రం మొదటి రోజే మొహం వేలాడేసుకుని వచ్చాడు. "బస్సులో మనుషులున్నారో లేరో తెలీట్లేదే. అద్దంలో చూస్తే అందరూ తలలు వంచుకుని, చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు" అన్నాడు.

"పోనీ, మీరు పాటలు పెట్టుకోండి."

"పాట జోకొడుతుందే. మనుషులు నవ్వితే, వెనక ప్రాణాలున్నాయని గుర్తొస్తుంది."

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం, చక్రాల కింద కంకర చప్పుడికి ఉలిక్కిపడి లేచాడు. బండి అప్పటికే రోడ్డు అంచుకి వచ్చేసింది. "కన్ను మూసిన సంగతి తెరిచాకే తెలిసింది" అని ఇంటికొచ్చి చెప్పాడు. మర్నాడే యజమాని దగ్గరికి వెళ్ళి, పొద్దుటి బండి ఇవ్వమని బతిమాలుకున్నాడు.

"ఏం, నిద్రొస్తోందా?" అన్నాడట ఆ మహానుభావుడు. "వస్తోందని చెప్పు, రేపట్నించి ఇంట్లోనే పడుకుందువుగాని."

ఇంకేం చెబుతాడు? మళ్ళీ ఆ మధ్యాహ్నం బండే ఎక్కాడు. మానేయండని పోరాను. "మానేసి? స్టీరింగు తప్ప ఇంకేం పట్టుకోవడం వచ్చు నాకు?" అన్నాడు.

"అయితే నేనే వస్తాను" అన్నాను. నేను పట్టిన పట్టు విడవనని ఆయనకి తెలుసు.

ఆయన వెనక సీట్లోనే కూర్చున్నాను. భోజనాలయ్యాయి. బండి ఆ తిన్నటి రోడ్డెక్కింది. ఒక్క మనిషి మాట లేదు. సిగ్గు గాలికొదిలేసి నవ్వడం మొదలుపెట్టాను. దేనికని? దేనికీ లేదు. ఆయన అద్దంలోంచి చూసి "ఆపవే పిచ్చిదానా!" అన్నాడు. నిద్ర మాట దేవుడెరుగు, నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు.

పక్క వరసలో కళ్ళజోడు పెట్టుకున్నావిడ టాబ్లెట్టులో ఏదో పని చేసుకుంటోంది. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి "ఏమిటమ్మా ఆ గోల? పక్కవాళ్ళకి ఇబ్బందని తెలీదా?" అంది. సంగతేమిటో నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ఆయన ఉద్యోగం ఊడుతుంది. తప్పయిపోయిందమ్మా అని ఊరుకున్నాను. ఆవిడ ఊరుకుంటేనా! బస్సు దిగకముందే ఆ టాబ్లెట్టులోంచే ఫిర్యాదు కొట్టేసింది. ఇకమీదట డ్రైవర్ల ఇంటివాళ్ళు బండెక్కకూడదన్నాడు యజమాని.

ఆ తర్వాత వారం తిరక్కుండానే షెడ్డు నుంచి ఫోనొచ్చింది. పట్టపగలు, ఆ రోడ్డు మీదే, బస్సు పక్కకి లాగి ఆగి ఉన్న లారీని గుద్దింది. జనానికి చిన్నా చితకా దెబ్బలు. మా ఆయన ఒక్కడే పోయాడు.

ఏం జరిగిందని పోలీసులు అడిగితే అందరిదీ ఒకటే మాట: "చూడలేదు." అన్ని తెరలున్నాయి, అంతమంది జనం ఉన్నారు, రోడ్డు చూసినవాళ్ళు ఒక్కరూ లేరా? ఆస్పత్రి వరండాలో గుండెలు బాదుకుంటూ, ఆయన దేనికి నిద్రపోయాడో, నేను దేనికి నవ్వానో అందరికీ అరిచి చెప్పాను. ఇంకెవరి ఉద్యోగం ఊడుతుంది? అప్పుడు రేగిన కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు.

కొన్నాళ్ళకి కళ్ళజోడు ఆవిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేతికి కట్టు ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ రోజు కూడా నేను ముందు సీట్లోనే ఉన్నానమ్మా" అంది. "ఆస్పత్రిలో మీరన్నవన్నీ విన్నాను. పని అయిపోయి సినిమా పెట్టుకున్నాను. భలే నవ్వొచ్చే సీను. మిమ్మల్ని అన్నదాన్ని, నేనెలా నవ్వను? రుమాలు నోట్లో కుక్కుకున్నాను. అప్పుడే..."

ఏ సినిమా అని అడిగాను. చెప్పింది. పాత టీవీ ఉన్నప్పుడు ఆయన ఎన్నోసార్లు విన్నదే. ఆ సీను మాటలన్నీ నాకు గొంతు మార్చి మార్చి వినిపించేవాడు. జనం ఎక్కడ నవ్వుతారో అక్కడ ఆగేవాడు.

"పైకి నవ్వి ఉంటే లేచేవాడమ్మా" అన్నాను.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు కూడా బయటికి వినపడలేదు.