నా జీరంగి బొద్దింకైన కథ

ఆ రోజుల్లో నాకు ఆకలి కంటే అసూయే ఎక్కువగా ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ఖమ్మంలో డ్రాయింగ్ మాస్టరు శిక్షణలో ఉండగా, అడవిలో కనుమరుగవుతున్న పురుగుల మీద అచ్చుబొమ్మలు వేయించడానికి మమ్మల్ని భద్రాచలం దగ్గర శిబిరానికి తీసుకెళ్లారు. లినోలియం షీటు మీద బొమ్మ చెక్కి, నల్ల సిరా పూసి, కాగితం పరిచి గరిటె వెనకవైపుతో రుద్దాలి. చెక్కిన చోట తెల్లగా, మిగిలిందంతా నల్లగా పడుతుంది. ఒక్క బొమ్మే హైదరాబాదు ప్రదర్శనకు వెళ్తుందన్నారు. అది నాదే కావాలి. ముఖ్యంగా నాతోపాటే శిక్షణకొచ్చిన మా చిన్నాయన కొడుకు బుడ్డోడిది కాకూడదు. (పేరుకే బుడ్డోడు, నాకంటే జానెడు పొడుగు. అదీ ఒక మంటే.)

నేను జీరంగిని ఎంచుకున్నాను. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకున్న పురుగు, అప్పటికే వెతికినా దొరకడం లేదు. వేళ్లు బొబ్బలెక్కేలా కాళ్లు, మీసాలు, రెక్కల మీది గీతలు చెక్కాను. బుడ్డోడు మాత్రం రోజూ చెట్టుకింద నిద్రపోయి, చివర్లో లేచి, కంపాస్ ముల్లుతో షీటును అక్కడక్కడా పొడిచి ఊరుకున్నాడు.

"ఏందిరా గది?" అన్నాను.

"మిణుగురులే అన్నా. ఎనకట మన వాగు కాడ మస్తుగ ఉండేటియి, యాదికున్నయా?" అన్నాడు. పోటీ తప్పిందని నాకు లోలోపల పండగే.

అచ్చులు తీసి తాడుకు ఆరేశాం. శిబిరం నడిపే మేడమ్ నా బొమ్మ ముందు ఆగి, కళ్లద్దాలు సర్దుకుని, "బొద్దింక మంచిగనే వచ్చింది గనీ, అది యాడ కనుమరుగైతున్నది బాబూ?" అంది. పచ్చగా తళతళలాడితేనే జీరంగి జీరంగి అన్న సంగతి, నల్ల సిరా డబ్బా పట్టుకున్న నాకు తట్టనేలేదు! ఆమె బుడ్డోడి నల్లకాగితం దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. "అరె, ఇది రాత్రే గద!" అంది చివరికి. పైగా వాడు నా భుజం మీద చెయ్యేసి, "నీదే మంచిగున్నదన్నా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, అందుకే ఇంకా మండింది.

వాడి బొమ్మే హైదరాబాదు పోయింది. నేను డ్రాయింగ్ మాస్టరునై, అలాంటి చుక్కల కోసం ఏళ్లకేళ్లు షీట్లు పొడుస్తూనే ఉన్నాను. (నావి అమ్మవారు పోసినట్టు వస్తాయి.) వాడు బొమ్మలు మానేసి మిర్చి వ్యాపారంలో దిగాడు. మొన్న ఖమ్మం మార్కెట్లో కలిస్తే, టీ తాగుతూ ఆ బొమ్మ సంగతి ఎత్తాను.

"మిణుగురులా? నేనేసిన్నా? ఏమో అన్నా, యాదికి లేదు," అన్నాడు టీ ఊదుకుంటూ.

అంత మంచి బొమ్మ వేసి, అంత హాయిగా మరిచిపోయాడు. పైకి నవ్వేశాను గానీ, ఇంత వయసొచ్చాక ఆ మరుపును చూసి కూడా కుళ్లుకున్నాను.