వెనక్కి నడిచే డాన్సు

యాభై దాటాక మా తోడికోడలు పాప్ డాన్సు నేర్చుకుంటానంది. మనవరాలి పుట్టినరోజు నాడు స్టేజీ మీద దాని పక్కన ఆడతానని మాటిచ్చిందట. నరసన్నపేటలో ఒక డాన్సు మాస్టారి దగ్గర చేరి, తోడుకు నన్నూ లాక్కుపోయేది.

ఏటేటా ఉభాలకు వెళ్లి వరి నాటిన మనిషి. నాటేవాళ్లు నడుం వంచి వెనక్కే కదా నడుస్తారు! పాట పెట్టగానే అందరూ అద్దం వైపు వెళ్లేవారు. ఈవిడ మాత్రం వంగి వెనక్కి జరుగుతూ గుమ్మం బయట చెప్పుల్లో తేలేది.

"అమ్మా, ముందుకు రాకపోతే స్టేజీ ఎక్కనివ్వను," అన్నాడు మాస్టారు.

"మానీయే. ఈ నడుముకి డాన్సేటే?" అన్నాను.

"పిల్లకి మాటిచ్చీసినానప్పా," అని కళ్లు తుడుచుకుని మాస్టారి వైపు తిరిగింది. "బాబూ, జనానికి ఈపు పెట్టి నన్ను నిలబెట్టు. ఎనక్కి నడిసి ఆళ్ల కాడికే వస్తాను."

పుట్టినరోజున మనవరాలు ముందుకీ, ఈవిడ వెనక్కీ నడిచి, ఇద్దరూ కలిసే జనం దగ్గరికి వచ్చారు. మా మరిది లేచి ఈల వేశాడు.

"సిగ్గు లేదేటయ్యా?" అన్నాను.

"పొలంలో ఆ నడక సూసే గదా వదినా, దాన్ని మనువాడినాను!"