భ్రమరాంబ గారి అనుమానాలు

మొన్న సత్తెనపల్లి దగ్గర మా పొలంలో, నాన్నతో పాటు గట్టు మీద కూర్చుని ఉన్నాను. కరెంటు లేదు. మిరప మొక్కలు ఎండకి తలలు వేలాడేసి ఉన్నాయి. ఉన్నట్టుండి బోరు పక్కన ఇనప పెట్టెలో స్టార్టరు టక్కుమంది. ఆ వెంటనే పక్క పొలంలో ఒకటి, డొంక అవతల ఇంకొకటి. మోటార్లన్నీ దాదాపు ఒకేసారి మూలగడం మొదలుపెట్టాయి. మా గొట్టం కాసేపు గాలి కక్కి, తర్వాత నీళ్లు పోసింది. ఎండిన నల్లమట్టి తడిసిన వాసన గుప్పుమంది. నాన్న పార భుజాన వేసుకుని, నీళ్లు మళ్లించే బోదె కట్టడానికి వెళ్లాడు. నేను అక్కడే ఉండిపోయాను. పొలాల్లో మోటార్ల మోత ఎక్కడ విన్నా నాకు భ్రమరాంబ గారు గుర్తుకొస్తారు.

ఆమె పేరు మీలో చాలామంది విని ఉండరు. గుంటూరు అరండల్‌పేటలో, ఒక ప్రెస్సు పైఅంతస్తులో, వ్యవసాయం మీదా వ్యాపారం మీదా చిన్న వారపత్రిక నడిపేవారు. టంగుటూరు వైపు పొగాకు రైతుల కుటుంబం ఆమెది. కొన్నేళ్లు కాలేజీలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పి, అది మానేసి ఈ పత్రిక పెట్టారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎప్పుడూ మంగళగిరి నూలు చీరే కట్టేవారు. ఏ వ్యాసం ఇచ్చినా ఆఖరి పేరా నుంచి చదవడం ఆమె అలవాటు. ఎందుకలా అని అడిగితే, "వీడు చివరికి ఏం అడుగుతాడో ముందే తెలిస్తే, పైన చెప్పే తియ్యటి మాటలకి పడిపోనయ్యా" అనేవారు. నేను ఎం.ఏ. అయిపోయాక ఎక్కడా ఉద్యోగం దొరక్క ఆమె దగ్గర చేరాను. ఆ ఆఫీసులో జీతానికి పనిచేసేవాణ్ని నేనొక్కణ్నే.

చేరిన కొత్తలో నేను రాసిన వార్త ఒకటి ఇప్పటికీ గుర్తుంది. మెట్ట ప్రాంతంలో ఎక్కడో పెద్ద సోలార్ ప్లాంటు వస్తోందనీ, వేలమందికి ఉద్యోగాలు దొరుకుతాయనీ రాశాను. కాగితం ఆమె ముందు పెట్టి, మెచ్చుకుంటారని నిలబడ్డాను.

"వేలమందికి ఉద్యోగాలని ఎవరు చెప్పారు?" అన్నారు.

"మంత్రి గారండీ. సభలో చెప్పారు."

"ఆయనకెవరు చెప్పారు?"

"కంపెనీ వాళ్లయ్యుంటారండీ."

"ఆ పలకలు ఎండలో వాటంతట అవే పడుంటాయి కదయ్యా. కట్టేటప్పుడు మనుషులు కావాలి, ఒప్పుకుంటాను. కట్టేశాక కడగడానికీ కాపలాకీ కొంతమంది ఉంటారు. మిగతా వేలమంది అక్కడేం చేస్తారు? వాటికి గొడుగు పడతారా?"

నాకు నవ్వొచ్చింది గానీ ఆమె నవ్వలేదు. వార్త వేశారు, ఆ ఉద్యోగాల వాక్యం తీసేసి. ప్లాంటు గురించి ఆమెకి కోపమేమీ లేదు. ఎండ నుంచి కరెంటు తీయడం మంచిదేనని ఆమే రాసేవారు. కానీ మంచి పని చేస్తున్నామనే వాళ్లని మరింత జాగ్రత్తగా చూడాలనేది ఆమె పద్ధతి. ప్రభుత్వం ఉచితమన్నా అనుమానమే, ప్రతిపక్షం అన్యాయమన్నా అనుమానమే. మిర్చి ధర పెరుగుతుందని వ్యాపారులు చెబితే, సరుకు ఎవరి దగ్గర నిలవ ఉందో కనుక్కోమనేవారు. ధర పడుతుందంటే, ఎవరు కొనబోతున్నారో కనుక్కోమనేవారు. ఈ స్వభావం ఆమెకి సుఖమేమీ ఇవ్వలేదు. డాక్టరు రాసిన మందుల్ని ఇంకో డాక్టరుకి చూపిస్తే గానీ మింగేవారు కాదు. మేనకోడలి పెళ్లి చూపుల్లో పెళ్లికొడుకు తండ్రిని ఏవో ఆరాలు తీశారని అన్నగారు చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. ఆఫీసుకి స్నేహంగా వచ్చిపోయేవాళ్లు దాదాపు లేరు. అలాంటి మనిషి దగ్గర ఎక్కువ కాలం ఉండలేననుకున్నాను. ఆరేళ్లున్నాను.

అప్పట్లో పొలాల మోటార్లకి మీటర్లు బిగిస్తారన్న మాట బయటికి వచ్చింది. బిల్లు రైతు కట్టనక్కర్లేదు, ఎంత వాడుతున్నారో తెలుసుకోవడానికే అని అధికారులు చెప్పారు. ఊళ్లలో ఎవరూ నమ్మలేదు. మా పత్రిక మొదటినుంచీ మీటర్లకి వ్యతిరేకం. ఆ సంపాదకీయాలు నాన్న ఊళ్లో పదిమందికి చదివి వినిపించేవాడు, కొడుకు పనిచేసే పత్రిక కదా మరి. ఆ రోజుల్లోనే పోస్టులో ఒక వ్యాసం వచ్చింది. రాసినాయన విద్యుత్ రంగ నిపుణుణ్నని చెప్పుకున్నాడు. మీటర్లు ఎందుకు వద్దో ఒక్కొక్కటే విడమరిచి చెప్పాడు. నేను మురిసిపోయి ఆమె దగ్గరికి తీసుకెళ్లాను.

"చాలా బాగుందండీ. మన మాటే, మనకంటే బాగా చెప్పాడు."

ఆమె అలవాటు ప్రకారం కింది నుంచి పైకి చదివారు. "అందుకే నాకు భయంగా ఉంది" అన్నారు. "ఇది మనకి నచ్చని వ్యాసమైతే ఈపాటికి ఉతికి ఆరేసేవాడివి. దీన్నెందుకు ఊరికే వదిలేశావు?"

వ్యాసం నా ముందుకి తోశారు.

"మీటరు లేకపోతే రైతుకి మంచిది, సరే. రైతుకొక్కడికేనా మంచిది?"

ఆ ప్రశ్న నాకు అంతకుముందు తట్టనే లేదు. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కాలేజీలో పాఠం చెప్పినట్టు చెప్పారు. మీటరు లేని చోట ఎంత కరెంటు ఖర్చయిందో ఎవరికీ తెలియదు. అంచనా వేసి రాసుకుంటారు. దారిలో తీగల్లో పోయింది, ఎవరో దొంగతనంగా లాక్కున్నది, అన్నీ ఆ అంచనాలో కలిపేసి రైతు పేరున రాసేస్తే అడిగేవాడుండడు. ఆ తర్వాత ఇంకెవరో పెద్దమనిషి టీవీలో కూర్చుని, రైతులే కరెంటంతా మింగేస్తున్నారు, వీళ్ల ఉచితం వల్లే రాష్ట్రం మునిగిపోతోంది అంటాడు.

"మీ నాన్న వాడని కరెంటు మీ నాన్న పేరున రాస్తున్నారేమోనని ఎప్పుడన్నా అనుకున్నావా?" అన్నారు.

ఆ వ్యాసం వేయలేదు. రాసినాయన ఎవరో, ఎవరి తరఫునో కనుక్కోవడానికి ప్రయత్నించాం గానీ చివరికి తెలియలేదు. ఆమెకి మాత్రం ఆ రోజు నుంచి నిద్రపట్టనట్టే ఉంది. ఇన్నాళ్లూ తను రాసినదాన్ని తనే అనుమానించడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి మా ఊరు వచ్చారు. నాన్నా, ఇంకొంతమంది రైతులూ మా కల్లంలో కూర్చున్నారు. ఎర్రగా పరిచిన మిరపకాయల ఘాటుకి ఆమె చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే నాన్నతో మాట్లాడారు.

"సాంబయ్య గారూ, మీ మోటారుకి మీటరు పెట్టమని అడగడానికి రాలేదు. మీ అందరికీ కరెంటు వచ్చే ట్రాన్స్‌ఫార్మరు ఉంది కదా, దానికి పెట్టిద్దాం. ఒక్క పంట కాలం. ఊరు మొత్తం ఎంత వాడుతోందో తేలుతుంది."

"అమ్మా, మీటరు ఒకసారి ఊళ్లోకి వచ్చిందంటే బిల్లు దాని వెనకాలే వస్తుందండీ" అన్నాడు నాన్న.

"రావచ్చు. రాదని నేను పూచీ పడలేను. కానీ మీరు ఎంత వాడుతున్నారో మీకే తెలియకపోతే, రేపు బిల్లు వచ్చినప్పుడు అది తప్పని ఎలా చెబుతారు?"

చాలాసేపు వాదించుకున్నారు. ఆమె ఎవర్నీ ఒప్పించడానికి మాట తియ్యగా మార్చలేదు. చివరికి నాన్నే "సరే, చూద్దాం" అన్నాడు. కొత్తగా వచ్చిన కరెంటాఫీసు ఇంజనీరు కుర్రాడు కూడా ఉత్సాహపడి ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది మిరపకోతలు అయ్యేదాకా ఆ మీటరు అక్కడ ఉంది. తేలిందేమిటంటే, మా మోటార్లు వాడాయని ఆఫీసు లెక్కలో ఉన్న కరెంటుకీ, మీటరు చూపించినదానికీ పొంతనే లేదు. ఆఫీసు లెక్క చాలా ఎక్కువ. ఆ మిగిలిన కరెంటు ఎక్కడికి పోయిందంటే ఎవరూ చెప్పలేదు. ఇంజనీరు కుర్రాణ్ని ఆ తర్వాత కొన్నాళ్లకి బదిలీ చేశారు. దీనివల్లేనా అంటే నాకు తెలియదు.

ఆమె అంతా రాశారు. ఇన్నాళ్లూ మేము ఒకవైపు నుంచే చూశామనీ, రైతుని కాపాడాలంటే ముందు అతని పేరున రాస్తున్న కరెంటుని కొలవాలనీ రాశారు. బిల్లు రాదన్న హామీ చట్టంలో లేకుండా ఏ మోటారుకీ మీటరు ఒప్పుకోవద్దని కూడా అందులోనే రాశారు. కానీ మీటర్లు కావాలన్నవాళ్లు మొదటి సగం మాత్రమే కత్తిరించి తీసి ఊరూరా పంచారు. వద్దన్నవాళ్లు ఆ సగమే చదివి మండిపడ్డారు. పత్రిక కట్టలు విప్పకుండా తిరిగొచ్చాయి. మోటార్ల డీలర్లు ప్రకటనలు ఆపేశారు. ఆమెకి 'మీటరమ్మ' అని పేరు పెట్టారు. మీటర్ల కంపెనీ వాళ్లు ఆమెకి ముట్టజెప్పారన్న మాట గుంటూరు మిర్చి యార్డులో మొదలై మా ఊరిదాకా వచ్చింది. నాన్న ఫోన్ చేసి, "ఏరా, నిజమేనా?" అన్నాడు.

కాదని చెప్పలేకపోయాను. కాదని నాకే రూఢిగా తెలియదు కాబట్టి. మర్నాడు ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లి అడిగేశాను. "మేడమ్, మీటర్ల కంపెనీ వాళ్లెవరైనా మిమ్మల్ని కలిశారా?"

ఆమె తల ఎత్తి నా వంక చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేదు. ఊరంతా అనుకున్నప్పుడు చలించని మనిషి ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. మంచినీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పారు.

"ఒకతను వచ్చాడు. వ్యాసం అచ్చయ్యాక. ప్రత్యేక సంచిక వేయమన్నాడు, ఖర్చు వాళ్లు పెట్టుకుంటారట. వద్దన్నాను. అతను వచ్చినప్పుడు కింద ప్రెస్సులో సుబ్బారావు గారు ఉన్నారు. కావాలంటే ఆయన్ని అడుగు."

"అక్కర్లేదండీ" అన్నాను.

"అడగాలి. నేను చెప్పాను కాబట్టి నమ్ముతానంటే, ఇన్నాళ్లూ నా దగ్గర నువ్వేం నేర్చుకున్నట్టు?"

కిందికి వెళ్లి అడిగాను. సుబ్బారావు గారు ఆ ప్రెస్సు యజమాని. ఆమె ఆ మనిషిని మెట్ల మీదే నిలబెట్టి పంపేసిన సంగతి చెప్పి నవ్వారు. నేను పైకి వచ్చేసరికి ఆమె ఏదో ప్రూఫు దిద్దుతున్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు నాతో ముభావంగానే ఉన్నారు. అనుమానించడం సరైనదేనని తెలిసినా, అనుమానం తన మీదికి వచ్చినప్పుడు అది ఎంత నొప్పో ఆమెకి కొత్తగా తెలిసినట్టుంది. అందరినీ నిలదీసే మనిషికి ఆ నొప్పి ఉంటుందని నాకూ అప్పుడే తెలిసింది.

కొంతకాలానికి గుంటూరులో కరెంటు చార్జీల మీద బహిరంగ విచారణ జరిగింది. హాలు నిండా రైతులు, మిల్లుల వాళ్లు, కోల్డ్ స్టోరేజీల వాళ్లు. నాన్న కూడా రైతు సంఘంతో వచ్చాడు. ఆమె మైకు దగ్గరికి వెళ్తుంటే వెనక నుంచి "మీటరమ్మ వచ్చింది" అని కేకలు వేశారు. ఆమె ఆగలేదు.

"రైతుల పేరున ఇంత కరెంటు రాశారు కదా, దీన్ని ఎవరు కొలిచారండీ?" అని వేదిక మీది అధికారిని అడిగారు.

"కొలవలేదమ్మా, అంచనా."

"అంచనా ఎవరు వేశారు?"

"మా సిబ్బందే."

"అది ఎక్కువగా ఉంటే ఎవరి తప్పులు మరుగున పడిపోతాయండీ?"

"పరిశీలిస్తాం. మీరు కూర్చోండి."

ఆమె కూర్చోకుండా రైతుల వైపు తిరిగారు. "బిల్లు రాదని వీళ్లు చెప్పే మాట నేనూ నమ్మడం లేదు. రాసిమ్మని అడగండి. మీ సంఘం నాయకులు ఎందుకు అడగడం లేదో అది కూడా అడగండి." దాంతో వేదికా, హాలూ రెండూ ఆమె మీద కోపగించుకున్నాయి. బయటికి వస్తుంటే కొంతమంది కుర్రాళ్లు దారికి అడ్డం నిలబడ్డారు. నాన్న వాళ్లని తోసుకుంటూ వచ్చి ఆమె పక్కన నడిచాడు. ఆఫీసు దాకా అలాగే వచ్చి దిగబెట్టాడు.

ఆ విచారణ వల్ల ఏమీ మారలేదు. అంచనా అంచనాగానే చార్జీల ఉత్తర్వులో అచ్చయింది. తర్వాతి ఏడాది పత్రిక మూతపడింది. ఆమె టంగుటూరు వెళ్లి, మళ్లీ మాటలు కలిసిన అన్నగారి ఇంటి పక్కనే చిన్న వాటాలో ఉన్నారు. నేను తాడేపల్లిలో ఒక దినపత్రికలో చేరాను. పోయిన వానాకాలం ఆమె చనిపోయారని కబురొస్తే, నేను పిలవకముందే నాన్న చొక్కా వేసుకుని బయల్దేరాడు. అక్కడికి పాత రైతు సంఘం నాయకుడొకాయన కూడా వచ్చాడు. వాకిట్లో కుర్చీల్లో కూర్చున్నప్పుడు, "మంచావిడే గానీ, ఆ మీటర్ల సంగతిలో ఏదో పుచ్చుకుందంటారు" అన్నాడు.

నాన్న ఆయన వైపు తిరిగాడు. "ఆవిడ చెప్పింది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదండీ. మీటరంటే నాకు భయమే. కానీ ఆవిడ అబద్ధం చెప్పిందని నా ముందు అనమాకండి" అన్నాడు. ఆ పెద్దమనిషి మాట మార్చేశాడు.

ఆ మాట నాలో ఉండిపోయింది. మనతో ఏకీభవించేవాళ్ల మెప్పు సంపాదించడం తేలిక. పత్రికల్లో ఇన్నేళ్లుగా ఆ పనే చూస్తున్నాను, నేనూ చేస్తూనే ఉన్నాను. మన మాట నచ్చని మనిషి మన తరఫున నిలబడటం ఆమెకి తప్ప ఇంకెవరికీ దక్కగా నేను చూడలేదు. ఇప్పుడు కరెంటు మీద గానీ, పంట ధరల మీద గానీ ఏదైనా రాస్తే, అచ్చుకి పంపే ముందు నాన్నకి ఫోన్‌లో చదివి వినిపిస్తాను. సగంలోనే అడ్డం పడతాడు. ఎక్కడ విన్నావంటాడు, పొలంలోకి వచ్చి ఎన్నాళ్లయిందంటాడు. విసుగొస్తుంది. అయినా ఫోన్ పెట్టేయను. ఆయన వాదన అయిపోయేదాకా విని, వ్యాసం మళ్లీ మొదటినుంచి చదువుతాను.