మడత లేని చీటీలు

ఇరవై ఏళ్లుగా బొగ్గుల ఇస్త్రీపెట్టె తోసి తోసి ఆయన కుడి భుజం అరిగిపోయింది. మొదటి డాక్టరు మత్తుండే నొప్పి బిళ్లలు పది రోజులకు రాశాడు. అవి అయిపోయేసరికి నొప్పి తగ్గింది కానీ బిళ్ల లేనిదే పొద్దు గడవడం లేదు. ఇంకో ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్లి, ఒక్కో చోట ఒక్కో పేరు చెప్పి చీటీలు రాయించుకున్నాడు.

ఆ రోజు ఊళ్లో మిగతా మందుల షాపులు మూసి ఉన్నాయి. ఒళ్లు వణుకుతుంటే మూడు చీటీలూ బావమరిది షాపులోనే పెట్టాడు.

"మా వీధివాళ్లవిరా. తెమ్మన్నారు."

బావమరిది వాటిని వెలుతురుకెత్తి చూశాడు.

"జేబులోంచి వచ్చిన చీటీ నలిగి ఉంటుంది బావా. ఈ ముగ్గురి రోగానికీ ఇస్త్రీ చేసిందెవరు?"

నలిగిన కాగితం కనిపిస్తే పెట్టె ఆనించకుండా ఉండలేని చెయ్యి ఆయనది.

"నోరు మూసుకుని ఇవ్వరా."

"చస్తే ఇవ్వను. రేపు అక్కకేం చెప్పను?"

ఒక్క గుద్దుకు కౌంటరు అద్దం పగిలింది. నెత్తురోడుతున్న చేత్తోనే బావమరిది మెడ పట్టుకుని తలను గోడకేసి బాదాడు. మళ్లీ బాదాడు. ముక్కు చితికింది. మూడోసారి కాలరు పట్టుకున్నాడు. పొద్దున తనే గంజి పెట్టి ఇస్త్రీ చేసిచ్చిన కాలరది. వేళ్లు వాటంతటవే ముడతను సరిచేయబోయాయి.

బావమరిది అది ఇంకో దెబ్బ అనుకుని ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రెండో చేత్తో పక్క అరలోని బిళ్లల అట్టను నేలమీదికి తోశాడు.

"తీసుకుపో బావా."

ఆయన గాజుపెంకుల మధ్య వంగి తీసుకున్నాడు.